ఆటిజం నడకకు వెళ్తున్నారా? ఈ సంగతులు తెలుసుకుని వెళ్లండి



ఏప్రిల్ నెల దగ్గర పడిందంటే పట్టణాల్లో ఆటిజం నడక, ఆటిజం పరుగు అని బ్యానర్లు కనబడుతుంటాయి. ఐక్యరాజ్య సమితి 2007 డిసెంబరులో తీర్మానం చేసి ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా నిర్ణయించింది. 2008 నుండి ఆ దినాన్ని జరుపుతున్నారు. మన సంఘాల్లోని యవ్వనస్తులు కొందరు, "సిస్టరమ్మా, మేమూ వెళ్లొచ్చా? నడిస్తే ఎవరికి లాభం?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్నే.

ముందు ఆటిజం గురించి రెండు మాటలు. ఇది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. పేరు పెట్టి పిలిచినా బిడ్డ తిరిగి చూడకపోవచ్చు, మాట ఆలస్యం కావచ్చు, ఒకే ఆట గంటల తరబడి ఆడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఇది గాలి సోకడం కాదు, ఎవరి పాపఫలమూ కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. టీకాల వల్ల కూడా రాదు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఆ భయాన్ని పుట్టించింది. 2010లో ఆ పత్రికే దానిని ఉపసంహరించుకుంది. అయినా టీకాల గది దగ్గర ఆ మాట ఇంకా వింటూనే ఉన్నాం.

ఇక నడక సంగతి. విదేశాల్లో పరుగెత్తేవారు బంధువులను, తోటి ఉద్యోగులను ముందుగానే చందా అడుగుతారు. "నేను ఇంత దూరం పరుగెత్తుతాను, మీరు ఇంత ఇవ్వండి" అని. 1981లో మొదలైన లండన్ మారథాన్‌లో ఎంతోమంది ఇలాగే ఏదో ఒక సేవా సంస్థ కోసం పరుగెత్తుతారు. 1962లో తల్లిదండ్రులు కలిసి స్థాపించుకున్న అక్కడి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీకీ అలా నిధులు వస్తున్నాయి.

మన దగ్గర ఎక్కువగా రిజిస్ట్రేషన్ రుసుము కడతాం, ఒక టీషర్టు ఇస్తారు. ఆ డబ్బులో టీషర్టుకు ఎంత, స్టేజీకి ఎంత, పిల్లలకు ఎంత అని అడగడానికి మొహమాట పడకండి. రసీదు తీసుకోండి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ నెలా రెండు నెలల్లో అయిపోయేవి కావు, ఏళ్ల తరబడి సాగుతాయి. వారానికి రెండు మూడుసార్లు బిడ్డను తీసుకుని బస్సెక్కే తల్లికి ఫీజుతో పాటు చార్జీలూ బరువే. పోగైన డబ్బు అలాంటి తల్లిదాకా చేరకపోతే ఫొటోలు తప్ప మిగిలేదేమీ లేదు.

నాకు అంతకన్నా బాధ కలిగించేది మరొకటి ఉంది. డప్పులు, విజిళ్లు, మైకులు పెట్టి ఆటిజం నడక చేస్తారు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు పెద్ద శబ్దం నొప్పిలాంటిది. చెవులు మూసుకుని నేలమీద పడి ఏడ్చే బిడ్డను చూసి జనం "పెంపకం బాగాలేదు" అంటారు. ఆ తల్లి మరుసటి ఏడు గడప దాటదు. ఎవరి కోసం నడుస్తున్నామో వాళ్లే ఇంట్లో ఉండిపోతే ఆ నడక ఎందుకు? అమెరికాలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు కొందరు ఇలాంటి సంస్థలను, "మా పేరుతో చేసే పనికి మమ్మల్ని ఎందుకు అడగరు?" అని నిలదీస్తున్నారు. వాళ్లు అడిగేది న్యాయమే.

అందుచేత మీ వీధిలో అలాంటి కుటుంబం ఉంటే ముందు రోజు వెళ్లి పలకరించండి. నడిచే దారి బిడ్డకు ఒకసారి చూపించమనండి. కొత్త చోటు అంటే వాళ్లకు బెదురు. గుంపు వెనుక, సందడికి దూరంగా వాళ్లతో నడవండి. అలసిపోతే కూర్చోవడానికి ఒక నిశ్శబ్దమైన గది ఏర్పాటు చేయమని నిర్వాహకులకు చెప్పండి. బిడ్డ ఒక్కసారిగా చేయి విడిపించుకుని పరుగెత్తవచ్చు కనుక ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఇంటివారి ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో పెట్టాలి.

పరుగు వాళ్ల వల్ల కాదని మాత్రం అనుకోకండి. దక్షిణ కొరియాలో బే హ్యోంగ్ జిన్ అనే ఆటిజం ఉన్న యువకుడు 2001లో పూర్తి మారథాన్, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు దూరం, మూడు గంటలలోపే పరుగెత్తాడు. అతని జీవితం ఆధారంగా 2005లో సినిమా కూడా వచ్చింది.

నడుస్తూ ఆ తల్లిదండ్రులతో కాగితాల సంగతీ మాట్లాడండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. థెరపీ కూడా అందులో ఉంది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.లో పరీక్షలు, తల్లిదండ్రులకు సలహాలు లభిస్తాయి. ఈ మాటలు చాలా ఇళ్లకు చేరనే లేదు.

చివరిగా, మన ఏప్రిల్ ఎండలు తెలిసినవే. ఆరు గంటలకల్లా బయలుదేరి ఎనిమిదిలోపు ముగించండి. నీళ్లు, టోపీ, పాత అలవాటైన చెప్పులో బూట్లో ఉంటే చాలు. ఆటిజం ఉన్నవారిలో కొందరికి ఫిట్స్ కూడా ఉంటాయి. ఆ ఉదయం మాత్ర మానకూడదు, ఖాళీ కడుపుతో నడిపించకూడదు. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్న పెద్దలు పరుగుకు పేరు ఇచ్చే ముందు ఒకసారి డాక్టరుగారికి చూపించుకోండి.