అడగడం ఓ కళ... ఇంగ్లిష్‌లో అయితే మరీనూ!

‘దయచేసి వినండి...’

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూసిన వాళ్లందరికీ ఈ మాట కంఠతా వచ్చు. మొదట తెలుగులో, వెనకే హిందీలో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో. ‘కృపయా ధ్యాన్ దే’ అంటుంది హిందీ. ‘యువర్ అటెన్షన్ ప్లీజ్’ అంటుంది ఇంగ్లిష్. మూడింటి భావం ఒక్కటే. కానీ కాస్త ఆలోచించండి. స్టేషన్ మైకు దగ్గర తప్ప మనం తెలుగులో ‘దయచేసి’ అనే మాట ఎక్కడైనా వాడుతున్నామా? ‘దయచేసి కాసిని మంచినీళ్లివ్వు’ అని ఇంట్లో అడిగితే, ఇవాళ వీరికేమైందని అనుమానంగా చూస్తారు. ఇక ‘దయచేయండి’ అంటే సంగతే వేరు. గుమ్మం దగ్గర అంటే లోపలికి రమ్మని, గొంతు పెంచి అంటే బయటికి వెళ్లమని!

అంటే తెలుగువాళ్లకు మర్యాద తెలియదనా? కానేకాదు. మన మర్యాద విడిగా ఓ మాటలో ఉండదు. క్రియకు అంటుకుని ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

‘అండి’ ఎక్కడికి పోయింది?

‘ఇవ్వు’, ‘ఇవ్వండి’, ‘ఇస్తారా’, ‘కొంచెం ఇస్తారా’, ‘ఏమనుకోకపోతే ఓసారి ఇస్తారా’... ఒక్క మాటకు ఎన్ని మెట్లో చూడండి. మొదటి మెట్టు స్నేహితుడికి. చివరిది ఎప్పుడూ పలకరించని పక్కింటాయనకు. సికింద్రాబాద్ సిటీ బస్సులో అయితే ‘అక్కా, జర జరుగుండ్రి’ అంటే చాలు. ‘అక్కా’లో ఆత్మీయత, ‘జర’లో మెత్తదనం, ‘ఉండ్రి’లో గౌరవం. మూడు మాటల్లో మొత్తం మర్యాద సర్దుకుపోయింది.

దీన్నే ఇంగ్లిష్‌లోకి మార్చండి. అక్క పోతుంది, జర పోతుంది, ఉండ్రి పోతుంది. మిగిలేది ‘మూవ్’. అదొక్కటే వినిపిస్తే అవతలివాళ్లకు కోపం రాక ఏమవుతుంది?

ఫోన్ ఎత్తి ‘చెప్పండి’ అనడం మనకు ఎంతో గౌరవం. అదే ‘టెల్ మీ’ అంటే ఇంగ్లిష్ చెవికి గద్దింపులా ఉంటుంది. ‘ఎవరండీ మాట్లాడేది?’ అన్నది మామూలు ప్రశ్న. ‘హూ ఆర్ యూ?’ అంటే నిలదీసినట్టు. ‘కూర్చోండి’ అన్నది ఆహ్వానం. ‘సిట్’ అన్నది ఆజ్ఞ. మనసులో ఉన్నది మర్యాదే. నోట్లోంచి వచ్చేసరికి అది అధికారమైపోతోంది.

వాళ్లకు ‘నువ్వు’ లేదు

ఇంగ్లిష్‌లో నువ్వు, మీరు తేడా లేదని మనం తరచూ అంటుంటాం. ఒకప్పుడు ఉండేది. ‘దౌ’ అంటే నువ్వు, ‘యూ’ అంటే మీరు. 17వ శతాబ్దం నుంచి ‘దౌ’ వాడకం తగ్గుతూ వచ్చి, సాధారణ వ్యవహారంలోంచి దాదాపు తప్పుకొంది. మిగిలింది ‘యూ’ ఒక్కటే. ఒకరకంగా చూస్తే ఇంగ్లిష్ వాళ్లు అందరినీ ‘మీరు’ అనే అంటున్నారన్నమాట!

అందరికీ ఒకే మాటైతే గౌరవంలో హెచ్చుతగ్గులు ఎలా చూపించాలి? అందుకు వాళ్లు వాక్యాన్ని చుట్టు తిప్పుతారు. ‘తలుపు వెయ్యి’ అనరు. ‘వేయగలవా?’ అంటారు. అదీ చాలదనుకుంటే ‘క్యాన్’ను ‘కుడ్’ చేస్తారు. నిజానికి ‘కుడ్’, ‘వుడ్’ అనేవి భూతకాలపు రూపాలు. అయినా అడిగేది ఇప్పటి పనే. విషయాన్ని కాస్త దూరం జరిపి చెబితే ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గుతుందని ఆ భాష లెక్క. కాదనడానికి కూడా దారి వదిలిపెట్టినట్టు ఉంటుంది. ఇంగ్లిష్ మర్యాద కిటుకంతా ఈ దారి వదలడంలోనే ఉంది.

పెనలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు మర్యాద మీద రాసిన పుస్తకం 1987లో వచ్చింది. భాషాశాస్త్రంలో దానికి పెద్ద పేరు. వాళ్లు ప్రధానంగా పరిశీలించిన మూడు భాషల్లో ఇంగ్లిష్‌తోపాటు మన పొరుగు భాష తమిళం కూడా ఉంది. మూడోది మెక్సికోలోని ఆదివాసీల భాష జెల్తాల్. వాళ్లు చెప్పిన సూత్రం మన అమ్మమ్మలకూ తెలిసినదే. ఎంత మర్యాదగా అడగాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. అవతలి మనిషి మనకెంత దగ్గర? మనకంటే ఎంత పెద్ద? మనం అడిగేది ఎంత బరువైన కోరిక? పెన్ను అడగడానికి ఒక తీరు, పదివేలు అప్పు అడగడానికి మరో తీరు. ఇది ఏ భాషలోనైనా ఒకటే. తీరు మార్చే పనిముట్లే వేరు.

దండు తెచ్చిన భాష

సికింద్రాబాద్‌కు ఇంగ్లిష్ కొత్త కాదు. మూడో నిజాం సికందర్ జా పేరుతో 1806లో ఈ ఊరు వెలిసిందే బ్రిటిష్ దండు కోసం. కంటోన్మెంటు వచ్చింది, చర్చిలు వచ్చాయి, కాన్వెంటు బళ్లు వచ్చాయి, రైలు వచ్చింది. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, బడిలో ఇంగ్లిష్ ఇక్కడి పిల్లలకు తరాలుగా అలవాటే.

ఇంగ్లిష్ ఎలా నేర్పాలో పంతుళ్లకు నేర్పే సంస్థ కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. తార్నాక దాటితే ఉస్మానియా యూనివర్సిటీ పక్కన కనిపించే ఇఫ్లూ అదే. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. 1972లో విదేశీ భాషలనూ కలుపుకొని ‘సీఫెల్’ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారింది. పాత తరం ఇప్పటికీ సీఫెల్ అనే పిలుస్తుంది.

అయితే దండుతోనూ దఫ్తరుతోనూ వచ్చిన ఇంగ్లిష్‌లో ఒక లోపం ఉంది. మనకు అందింది ఎక్కువగా అర్జీల భాష. ‘ఐ బెగ్ టు స్టేట్’, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అన్నవి ఆ కాలపు నమూనాలే. బడిలో అందరం బట్టీపట్టిన సెలవుచీటీని గుర్తుచేసుకోండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అంటూ మొదలై ‘కైండ్లీ గ్రాంట్ మీ లీవ్’ దగ్గర ఆగుతుంది. మన పాత ఉత్తరాల్లో ‘మ.రా.రా.శ్రీ’ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. తప్పేమీ కాదు. కానీ అర్జీలో అతి వినయం, మాటల్లో ఆజ్ఞ... ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన మామూలు మర్యాదను మనకెవరూ నేర్పలేదు.

అడగడమూ, జవాబు చెప్పడమూ

మన పిల్లలు నేర్చే మొదటి ఇంగ్లిష్ వాక్యాల్లో ‘మే ఐ కమ్ ఇన్ సర్?’ ఒకటి. చాలామంది సగం లోపలికి వచ్చాకే అది అంటారన్నది వేరే సంగతి! అనుమతి అడిగేటప్పుడు ‘మే ఐ’ అనాలా, ‘క్యాన్ ఐ’ అనాలా అని పాతకాలం మాస్టార్లు బెత్తం పట్టుకుని మరీ వాదించేవారు. ‘క్యాన్’ అంటే సామర్థ్యమే తప్ప అనుమతి కాదని వాళ్ల వాదన. ఇప్పుడు రెండూ చెల్లుతాయి. ఇంటర్వ్యూ గదిలో ‘మే ఐ’, స్నేహితుల మధ్య ‘క్యాన్ ఐ’, కొత్తవాళ్లతో ‘కుడ్ ఐ’ అంటే సరిపోతుంది.

అసలు తిరకాసు జవాబులో ఉంది. ‘కుడ్ ఐ యూజ్ యువర్ ఫోన్?’ అని ఎవరైనా అడిగితే ‘యెస్, యూ కుడ్’ అనకూడదు. ‘యెస్, యూ క్యాన్’ అనో, ‘ష్యూర్’ అనో చెప్పాలి. మెత్తదనం అడిగేవాడికి కావాలి గానీ ఇచ్చేవాడికి సందేహం ఉండకూడదు కదా!

ఇంకా పెద్ద తిరకాసు ‘వుడ్ యూ మైండ్’. ‘కిటికీ తెరిస్తే మీకేమైనా అభ్యంతరమా?’ అన్నది ఆ ప్రశ్నకు అర్థం. అభ్యంతరం లేకపోతే ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. మనవాళ్లు మర్యాద కొద్దీ నవ్వుతూ ‘యెస్, యెస్’ అంటారు. అంటే అభ్యంతరం ఉందని! అడిగినాయన కిటికీ తెరవాలో మానాలో తెలియక నిలబడిపోతాడు.

‘ప్లీజ్’ విషయంలోనూ ఓ అపోహ ఉంది. అది తగిలిస్తే ఏ వాక్యమైనా మర్యాదైపోతుందని చాలామంది అనుకుంటారు. ‘గివ్ మీ వాటర్, ప్లీజ్’ అన్నా అది ఆజ్ఞే, కాకపోతే తీపి పూసిన ఆజ్ఞ. ‘కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?’ అన్నప్పుడే కోరిక అవుతుంది. గొంతు కూడా ముఖ్యమే. విసురుగా అంటే ‘ప్లీజ్’ కూడా తిట్టులాగే వినిపిస్తుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?

అవుననే చెప్పాలి. వ్యాకరణం తప్పితే ‘పాపం, భాష రాదు’ అనుకుంటారు. మర్యాద తప్పితే ‘మనిషే అంత’ అనుకుంటారు. ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడు ‘ఐ వాంట్ నైట్ షిఫ్ట్’ అంటే అతని ఇంగ్లిష్‌ను కాదు, అతని స్వభావాన్నే లెక్కగడతారు. విదేశంలో కోడలికి సాయంగా వెళ్లిన అత్తగారు దుకాణంలో వేలు చూపించి ‘గివ్ దట్’ అంటే, అవతలి ముఖం ఎందుకు మాడిందో ఆవిడకు అర్థం కాదు. ఆవిడ జీవితంలో ఎవరినీ అమర్యాదగా పిలిచి ఎరగదు!

ఈ పాఠం ఇప్పుడు కాన్వెంటు పిల్లలకే పరిమితం కాదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో ఎవరూ ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలు లక్షల్లో ఈ భాషలోకి వస్తున్నారు. వాళ్లకు క్రియారూపాల పట్టికలతోపాటు అడిగే తీరు కూడా నేర్పాలి. అలాగే ‘టెల్ మీ’ అన్న పిల్లాడిని పొగరుబోతు అనుకునే ముందు, వాడు మనసులో ‘చెప్పండి’ అనుకున్నాడేమోనని పెద్దలూ ఒక్క క్షణం ఆగాలి.

మరో మాట. ఇంగ్లిష్‌లో ‘ప్లీజ్, థ్యాంక్యూ’ చక్కగా పలికే పిల్లలే వాచ్‌మన్‌ను, ఆటో డ్రైవర్‌ను తెలుగులో ‘ఏయ్’ అంటుంటే చూసీచూడనట్టు ఊరుకుంటున్నాం. ‘అండి’ చేర్చడానికి ట్యూషన్ అక్కర్లేదు కదా!

ఇలా అని చూడండి

‘టెల్ మీ’ బదులు: ‘హౌ క్యాన్ ఐ హెల్ప్ యూ?’

‘హూ ఆర్ యూ?’ బదులు: ‘మే ఐ నో హూ ఈజ్ కాలింగ్?’

‘సిట్’ బదులు: ‘ప్లీజ్ హావ్ ఎ సీట్.’

‘ఐ వాంట్’ బదులు: ‘ఐ వుడ్ లైక్’ లేదా ‘కుడ్ ఐ హావ్...?’

‘మూవ్’ బదులు: ‘ఎక్స్‌క్యూజ్ మీ, కుడ్ ఐ గెట్ పాస్ట్?’

‘వాట్?’ బదులు: ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’

ఈ ఆరింటినీ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పిల్లలతోపాటు మీరూ రోజుకోసారి పైకి చదవండి. వారం తిరిగేసరికి నాలుకకు అవే అలవాటవుతాయి.