కుటుంబ బడ్జెట్టులో చేతిఖర్చుల పద్దు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• బడ్జెట్టులో చేతిఖర్చులకు ప్రత్యేక పద్దు ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• మీ ఇంటికి నెలసరి బడ్జెట్టు తయారు చేయగలుగుతారు.

1. పరిచయం

రాబోయే ఆదాయాన్ని, చేయవలసిన ఖర్చులను ముందుగా అంచనా వేసి రాసుకున్న ప్రణాళికే బడ్జెట్టు. చాలామంది దీన్ని ఉత్సాహంగా మొదలుపెట్టి రెండు మూడు నెలల్లో వదిలేస్తారు. అద్దె, సరుకులు, ఫీజులు రాస్తారు. టీ, టిఫిను, పూలు, సినిమా వంటివి రాయరు. రాయని ఖర్చు ఆగదు. అది మరో పద్దులో నుంచి పోతుంది.

2. ఒక ఉదాహరణ

మండల కేంద్రంలో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించండి. భర్తకు దుకాణంలో జీతం రూ.18,000. భార్యకు కుట్టుపని మీద రూ.6,000. ఇద్దరు పిల్లలు. మొత్తం ఆదాయం రూ.24,000.

ఇంటి అద్దె: 5,000
సరుకులు, పాలు, కూరగాయలు: 8,500
కరెంటు, గ్యాస్, ఫోన్లు: 1,800
పిల్లల చదువు: 2,500
రాకపోకలు: 1,500
మందులు: 700
పొదుపు: 2,000
మొత్తం: 22,000

ఆహారానికి ఆదాయంలో సుమారు 35 శాతం పోతోంది. ఆదాయం పెరిగేకొద్దీ అందులో ఆహారం వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో సూత్రీకరించాడు. తక్కువ ఆదాయం ఉన్న ఇంట్లో ఈ వాటా ఎక్కువ కాబట్టి, చిల్లర ఖర్చుల దెబ్బ ముందుగా సరుకుల మీదనే పడుతుంది.

కాగితం మీద రూ.2,000 మిగిలింది. భర్త టీ, టిఫినుకు రోజుకు రూ.40 ఖర్చు చేస్తే నెలకు రూ.1,200. మిగిలిన రూ.800 కూడా దేనికీ కేటాయించలేదు కాబట్టి ఏదో ఒక అవసరానికి పోతుంది. జూన్‌లో పుస్తకాలు, దసరాకు బట్టలు కొనవలసి వచ్చేసరికి చేతిలో డబ్బు ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే ఏడాదికి 36 శాతం వడ్డీ కట్టినట్లే.

భార్యకు మాత్రం తనదంటూ పది రూపాయలు లేవు. అప్పుడు ఆమె సరుకుల డబ్బులోంచి కొంత మిగిల్చి పోపుల డబ్బాలో దాచుకుంటుంది. దీన్ని తప్పుగా చూడకూడదు. బడ్జెట్టులో ఉండవలసిన పద్దు లేదనడానికి అది గుర్తు. 2016 నవంబరు 8న పాత 500, 1,000 రూపాయల నోట్లను రద్దు చేసినప్పుడు, ఎందరో గృహిణులు ఇలా దాచుకున్న డబ్బును ఇంట్లో బయటపెట్టవలసి వచ్చింది.

3. సవరించిన బడ్జెట్టు

మిగులుగా కనిపించిన రూ.2,000ను ఇలా విభజించవచ్చు:

భర్త చేతిఖర్చు: 600
భార్య చేతిఖర్చు: 600
ఏడాదికోసారి వచ్చే ఖర్చుల నిధి: 800

నెలకు రూ.800 చొప్పున ఏడాదికి రూ.9,600 జమ అవుతుంది. పండుగలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇందులో నుంచి చెల్లించాలి. భర్త రోజుకు రూ.40 బదులు రూ.20తో సరిపెట్టుకోవాలి. అందుకే ఈ మొత్తాన్ని ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవాలి.

4. పాటించవలసిన నియమాలు

• సంపాదన లేనివారికి కూడా చేతిఖర్చు కేటాయించాలి. ఇంటిపని చేసేవారు అడిగి తీసుకునే స్థితి ఉండకూడదు.
• ఆ డబ్బుకు లెక్క అడగకూడదు. దాచుకున్నా, ఖర్చుపెట్టినా వారి ఇష్టం.
• అయిపోతే వచ్చే నెల దాకా ఆగాలి. సరుకుల డబ్బు ముట్టుకోకూడదు.
• బస్సు చార్జీలు, మందులు, చదువు ఖర్చులు కుటుంబ ఖర్చులే. వాటిని చేతిఖర్చులో కలపకూడదు.
• ఫోన్ ద్వారా చెల్లించేవారు ఈ మొత్తాన్ని వేరే ఖాతాలో గాని, నగదుగా గాని ఉంచుకుంటే హద్దు తెలుస్తుంది.

5. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నెల రోజులపాటు మీ ఇంట్లో రాయకుండా పోతున్న ఖర్చులను రాయండి. మొత్తం ఎంత?
2. మీ ఇంట్లో చేతిఖర్చుకు డబ్బు అడగవలసి వస్తున్నది ఎవరు?
3. మీ పరీక్ష ఫీజు ప్రస్తుతం ఏ పద్దులో ఉంది? ఏ పద్దులోనూ లేకపోతే, దాన్ని 12తో భాగించి ఈ నెల బడ్జెట్టులోనే చేర్చండి.