ముక్కు మొగము తెలియని వారితో మొదటి మాట

ఇంటి పట్టుననే యుండి నాలుగు రూపాయలు గడింపవలెనను కోరిక మన స్త్రీలలో నానాటికి పెరుగుచున్నది. చీరలు తెప్పించి అమ్మువారు, పచ్చళ్లు పొడులు చేసి పంపువారు, బీమా ఏజంట్లుగా చేరువారు ప్రతి వీధిలోను కనబడుచున్నారు. 2024 డిసెంబరు 9వ తేదీన పానిపట్టులో ప్రధానమంత్రి ప్రారంభించిన బీమా సఖి పథకమును గూర్చి చదువరులలో పెక్కురు వినియే యుందురు. పదవ తరగతి చదివి, 18 మొదలు 70 ఏండ్ల వఱకు వయసు గల స్త్రీలకు జీవిత బీమా సంస్థవారు మొదటి యేడు నెలకు 7000 రూపాయలు, రెండవ యేడు 6000, మూడవ యేడు 5000 చొప్పున భృతి నిచ్చుటకు ఏర్పాటు చేసిరి. ఇది జీతము కాదు. చేరినవారు సంస్థకు ఉద్యోగులును కారు. రెండవ యేటి భృతి కావలెనన్న మొదటి యేడు వ్రాయించిన పాలసీలలో నూటికి 65 యైనను అప్పటికి నిలిచి యుండవలెను. మొగమాటపెట్టి కట్టించిన పాలసీ యేడు తిరుగకుండ ఆగిపోయినచో అమ్మిన యామెకే నష్టమన్న మాట.

చేరుట సులభముగనే యున్నది. చుట్టములతో, ఇరుగుపొరుగు వారితో మాటలాడుట ముగియు వఱకు పని సాగుచునే యుండును. ఆ జాబితా నెల దినములలో అయిపోవును. తరువాత ముక్కు మొగము తెలియని వారికి ఫోను చేయవలసి వచ్చును. అప్పుడు మొదలగును అసలు కష్టము. పదిమంది బంధువుల నడుమ గలగల మాటలాడు ఇల్లాలు సైతము ఫోను చేత బట్టుకొని, అంకెలు నొక్కి, మ్రోగకముందే ఆపివేయును. నాలుక పిడచగట్టుకొని పోవును, అరచేతులు చెమర్చును. "ఇప్పుడు భోజనాల వేళ, తరువాత చేసెదను" అని తన్ను తానే మభ్యపెట్టుకొని వంటయింటిలోనికి పోయి, కడిగిన గిన్నెలనే మఱల కడుగును.

ఫోనులో మాటలాడుట స్త్రీలకు క్రొత్త విద్య యేమియు కాదు. అమెరికాలో మొదట టెలిఫోను కేంద్రములందు మగపిల్లలను నియమించగా, వారు ఫోను చేసిన వారితో దురుసుగా మాటలాడుచుండిరి. అందుచేత 1878 సెప్టెంబరు 1వ తేదీన బోస్టను నగరమున ఎమ్మా నట్ అను నామెను పనిలో పెట్టుకొనిరి. స్త్రీ కంఠమునందలి నెమ్మది జనులకు నచ్చినది. అటుపిమ్మట ఆ పని యించుమించు స్త్రీలదే యైనది. మన దేశమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములకు 1882 జనవరిలో టెలిఫోను కేంద్రములు వచ్చినవి. అయితే ఆ కాలపు ఉద్యోగినులు, తమకు ఫోను చేసిన వారికి బదులు చెప్పుచుండిరి. సరకు నమ్మువారు పిలువని యింటి తలుపు తట్టవలెను. భయమంతయు ఇందులోనే యున్నది.

ఈ భయమును కేవలము పిఱికితనమని కొట్టివేయుట నాకు సమ్మతము గాదు. అపరిచితులతో మాటలాడవద్దనియు, నోరు తెఱచి డబ్బు అడుగరాదనియు చిన్ననాటి నుండి విని పెరిగినవారము. ఎవరో యొక యామె పనిలో నుండగా పిలిచి, చేతితడి తుడుచుకొనుచు వచ్చి ఫోను తీయునట్లు చేసి, ఆమెకు అక్కఱలేని మాట చెప్పుట మర్యాద కాదని మనస్సు గొణుగును. ఆ గొణుగుటలో కొంత న్యాయము గలదు. ధైర్యము తెచ్చుకొనుట యొక యెత్తు. మర్యాదస్తు రాలు చేయదగిన విధముగా ఫోను చేయుట మఱియొక యెత్తు. రెండవది కుదిరినచో మొదటిది చాలవఱకు దానంతట అదియే వచ్చును.

ముందుగా చట్టము సంగతి. క్రొత్తగా చేరిన వారికి వేయేసి నంబరులుగల జాబితా యిచ్చి "రోజుకు నూఱు ఫోనులు చేయుము" అని పురికొల్పు పైవారు కొందఱు గలరు. ఆ నంబరు లెక్కడివో, ఎవరి యనుమతితో వచ్చినవో తెలియదు. అమ్మకపు ప్రచారమునకై ఫోను చేయు సంస్థలు టెలికాం కంపెనీ యొద్ద నమోదై, 140తో మొదలగు నంబరునుండియే చేయవలెనని 2018 నాటి నియమములు విధించినవి. ఇట్టి ఫోనులు వద్దనుకొనువారు 1909కు తెలిపి తమ పేరు నమోదు చేసికొనవచ్చును. నమోదు కాని మామూలు పదియంకెల నంబరునుండి ప్రచారపు ఫోనులు వచ్చినచో జనులు ఫిర్యాదు చేయుదురు; 2025 ఫిబ్రవరిలో వచ్చిన సవరణ ప్రకారము పది దినములలో అయిదు ఫిర్యాదులున్నను ఆ నంబరుపై చర్య తీసికొనవచ్చును. పిల్లల బడినుండి, పుట్టింటినుండి ఫోనులు వచ్చు సొంత నంబరు ఒకనాటి ఉదయము మూగవోయినచో, జాబితా యిచ్చిన పెద్దమనిషి వచ్చి బాగుచేయడు.

కాబట్టి ఊరును పేరును లేని జాబితాలను పట్టుకొనక, ఎఱిగినవారి ద్వారా ఎఱుగనివారి యొద్దకు పోవుట మంచిది. ఒక పాలసీ తీసికొన్న యామెను గాని, చీర నచ్చిన యామెను గాని "మీ యెఱుకలో కావలసిన వారున్నచో ముందు వారి నడిగి, సరే యన్న పిమ్మట నాకు నంబరు నిండు" అని కోరవలెను. అప్పుడు కూడ అవతలివారు అపరిచితులే. గుండె కొట్టుకొనుట మానదు. కాని మొదటి వాక్యమునకు ఒక ఆధారము దొరకును.

నే నెఱిగిన యొక గృహిణి కథ యిచ్చట చెప్పెదను. భర్త నడుపుచుండిన దుకాణము మూతపడగా, ఇద్దఱు పిల్లల చదువు నడుమ నుండగా, ఆమె ఒక బీమా సంస్థలో ఏజంటుగా చేరినది. పరీక్ష తేలికగనే గట్టెక్కినది. మొదటినాడు కాగితముమీద నాలుగు వాక్యములు వ్రాసికొని కూర్చున్నది. అవతల "హలో" యనగనే ఆ నాలుగు వాక్యములను ఊపిరి తిరుగకుండ ఒక్క పరుగున చదివివేసినది. "వద్దండీ" యని పెట్టివేసిరి. ఆమెకు దుఃఖము కలుగలేదు, హాయి కలిగినదట! ఆ దినమున తక్కిన ఫోనులు చేయునప్పుడు ఎవరును తీయకుండిన బాగుండునని దేవునికి మ్రొక్కుకొన్నదట. భయపడుచు అమ్మబోవువారి స్థితి యిదియే. గెలుపుకంటె విడుదలయే తియ్యగా నుండును.

మూడవనాడు ఒక నంబరునకు ఫోను చేసి యింటి యజమానిగా రున్నారా యని యడిగినది. ఒక స్త్రీ తీసి, "వారు పోయి నేటికి పద్నాలుగు రోజులమ్మా. మీరెవరు?" అన్నది. ఈమెకు అబద్ధమాడుటకు నోరు రాలేదు. "క్షమించండమ్మా, తెలియక చేశాను. నేను బీమా ఏజంటును" అన్నది. "ఇంక మాకు బీమా యెందుకమ్మా" అని ఆమె మెల్లగా ఫోను పెట్టివేసినది. తిట్టినను బాగుండెడిదని ఈమె నాతో ననెను. నాలుగు దినములు ఫోను ముట్టలేదు. పని మానివేసెదనని భర్తతో చెప్పినది. ఆయన ఏమియు అనలేదు. పిల్లల ఫీజు కట్టవలసిన తేదీ గోడమీది క్యాలెండరులో అట్లే యున్నది.

అయిదవనాడు ఆ నంబరునుండియే ఫోను వచ్చినది. బీరువాలో భర్తగారి పాలసీ కాగిత మొకటి దొరికినదనియు, అది వేఱొక సంస్థదనియు, ఏమి చేయవలెనో చెప్పువారు లేరనియు ఆ వితంతువు అడిగినది. ఈమె కాగితముమీద నామినీగా నెవరి పేరున్నదో చూడుమని చెప్పినది. మరణ ధ్రువపత్రము, అసలు పాలసీ కాగితము, బ్యాంకు పుస్తకపు నకలు తీసికొని ఆ సంస్థ శాఖకు పోయి క్లెయిము ఫారము నింపవలెనన్నది. పాలసీ మొదలై మూడేండ్లు గడచినచో ఏ కారణముచేతను దానిని సంస్థవారు ప్రశ్నింపరాదని బీమా చట్టము 45వ విభాగమున నున్నదనియు, ఎవరైన ఇంకను పెనగులాడినచో ఆ మాట చెప్పుమనియు తెలిపినది. డబ్బు చేతికి వచ్చినది. ఆ యింటినుండి నేటివఱకు ఈమెకు ఒక్క పాలసీయు రాలేదు. అయినను ఫోను ముట్టునప్పటి దడ సగము ఆనాటితోనే తగ్గినదని ఆమె చెప్పుచున్నది. తాను అడుగుటకు మాత్రమే గాక చెప్పుటకు గూడ ఫోను చేయుచున్నానని తోచినదట.

ఇందుచేతనే, ఎదుటివారికి పనికివచ్చు సంగతి యొక్కటియైనను చేతిలో లేకుండ ఫోను తీయరాదని నా యభిప్రాయము. ఉదాహరణమునకు, 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము 6వ విభాగమును తీసికొందము. భర్త తన ప్రాణముమీద తీసికొను పాలసీ భార్యాబిడ్డల లాభమునకని ఆ చట్టము క్రింద వ్రాయించినచో, అది వారి ధర్మనిధి యగును. భర్త అప్పులవారు సాధారణముగా దానిని ముట్టజాలరు. వ్యాపారము చేయు ఇండ్లలోని యిల్లాండ్రలో ఎందఱకు ఈ సంగతి తెలియును? పాలసీ తీసికొనునప్పుడే ఆ ఫారము నింపవలెను. తరువాత చేర్చుట కుదురదు. ఇట్టిది వినిన యామె పాలసీ తీసికొనకపోయినను, ఫోను చేసిన వారిని తిట్టదు.

ఇక మాట యెట్లుండవలెను? చిన్నదిగా నుండవలెను. "నమస్కారమండీ. నా పేరు ఫలానా. మీ పక్కవీధి ఫలానా వదినగారు మీతో చెప్పి నంబరిచ్చారు. బీమా గురించి మాట్లాడాలని చేశాను. ఇప్పుడు రెండు నిమిషాలు వీలవుతుందా, మరొక వేళ చెబుతారా?" ఇంతే. ఏ పనికై చేసితిమో మొదటనే చెప్పవలెను. కుశలప్రశ్నలతో పది నిమిషములు నడిపి, చివర బీమా యనునప్పటికి అవతలివారికి మోసపోయినట్లుండును. వ్రాసికొన్న కాగితము ఎదుట నుండవచ్చును గాని దానిని పారాయణము చేయరాదు. ఒక గ్రుక్కెడు నీరు త్రాగి, ఊపిరి నెమ్మదిగా విడిచి, నిలుచుండి మాటలాడినచో కంఠము వణకదు. మొదటి రెండు ఫోనులు ఆప్తురాలైన స్నేహితురాలికే చేసి, ఆమెను కఠినముగా బదులు చెప్పుమని కోరుట మంచి సాధన.

వేళను గూర్చి మన యిండ్ల సంగతి తెలిసిన స్త్రీకి వేఱుగ చెప్ప నక్కఱలేదు. పిల్లలు బడికి పోవు హడావుడిలోను, మధ్యాహ్న భోజనము తరువాత కునుకు తీయు వేళను చేయరాదు. శుక్రవారమునాడు డబ్బు కట్టుమనిన చాల యిండ్లలో గిట్టదు. ఆ మాట గురువారముననో శనివారముననో చెప్పవలెను. చీరల వారు ఆషాఢము చివరనే ఫోనులు చేసి యుంచినచో శ్రావణమాసపు బేరములు దక్కును.

మనవారు కాదనుటకు వాడు మాటలను గూడ తెలిసికొనవలెను. "చూద్దాం లెండి" యనినచో కాదని యర్థము. "తరువాత మేమే చేస్తాము" అనినను కాదనియే. "మా వారి నడిగి చెబుతాను" అనునది మాత్రము రెండు విధములు. నిజముగా అడుగువారును కలరు. "అట్లాగే నండి, ఇద్దరూ ఇంట్లో ఉండే వేళ చెప్పండి" యని యడిగినచో బదులునుబట్టి తెలిసిపోవును. క్రొత్తవారు మొదటి రెండిటిని ఆశగా భావించి, ఆ యింటికే పదిమాఱులు ఫోను చేసి విసిగింతురు.

ఈ విషయమున ఫ్రాంక్ బెట్జరు అను అమెరికా జీవిత బీమా ఏజంటు వ్రాసిన లెక్క విలువైనది. అతడు బేస్‌బాల్ ఆట మాని యీ పనిలో దిగి, మొదట పూర్తిగా విఫలుడై, తరువాత ప్రతి ప్రయత్నమును పుస్తకములో వ్రాసికొనుట మొదలిడెను. ఒక యేటిలో 1849 ప్రయత్నములు చేయగా 828 మంది మాటలాడిరి; 65 పాలసీలు కుదిరినవి. అనగా ఇరువదియెనిమిది సుమారు ప్రయత్నముల కొకటి. ఆ అమ్మకములలో నూటికి 70 మొదటి భేటీలోను, 23 రెండవ దానిలోను కుదిరినవనియు, తక్కిన 7 కొఱకే తన కాలములో సగము పోవుచున్నదనియు అతనికి లెక్క చెప్పినది. మనము ఇరువదియేడుగురు కాదనగనే మన ముఖమునందే యేదో లోపమున్నదని క్రుంగిపోవుదుము. అతనంతవాని నోటుపుస్తకములోనే అన్ని కాదనుట లున్నవి.

బోణీ కావలెనను ఆత్రముతో చేయరానివి రెండు గలవు. మొదటి కంతులో కొంత తానే కట్టెదననియో, కమీషనులో భాగ మిచ్చెదననియో ఆశపెట్టుట బీమా చట్టము 41వ విభాగముచే నిషిద్ధము. ఇచ్చినవారును తీసికొన్నవారును దోషులే. రెండవది, నచ్చనిచో వెనుకకు ఇచ్చు హక్కును దాచుట. పాలసీ కాగితము చేతికి వచ్చిన 30 దినములలోగా దానిని మఱల నిచ్చివేయవచ్చును. సంస్థవారు కొద్దిపాటి ఖర్చులు తగ్గించుకొని డబ్బు తిరిగి యిత్తురు. ఈ మాట తామే ముందుగా చెప్పిన యేజంటును జనులు నమ్ముదురు. చెప్పుట వలన బేరము చెడునేమో యని సందేహించువారు గలరు. అట్లు చెడు బేరము ఏడాదిలో ఎటులైన చెడునదే.

ఇంటినుండి పనిచేయు స్త్రీకి తక్కిన వారికి లేని చిక్కు ఇంకొకటి గలదు. మాట కుదురుచుండగా కుక్కరు కూత వేయును, పాలు పొంగును, పిల్లవాడు వచ్చి కొంగు లాగును. నేను చెప్పిన గృహిణి యిప్పుడు ఉదయము పదకొండు మొదలు పన్నెండు వఱకు మేడమీది గదిలో తలుపు దగ్గరగా వేసికొని, నోటుపుస్తకముతో కూర్చుండును. ఆ గంటసేపు వాకిట నెవరు వచ్చినను అత్తగారే పోయి చూచుకొనుచున్నారు. మొదట ఆమెయే "ఎవరో తెలియని మగవాళ్లకు ఫోను చేయడమేమిటే" యని సణిగినది. ఇప్పుడు పన్నెండు కొట్టగనే మెట్ల క్రింద నిలిచి, "ఈవేళ యెన్నయినాయే?" అని కేకవేయుచున్నది.