మీకు తెలుసా? బంతి వంపులోనే ఉంది స్వింగ్ జాతకం

గోల్ఫ్‌లో బంతి పక్కకు పోతే చాలామంది వెంటనే తల కదిలిందనో, మోచేయి వంగిందనో బాధపడతారు. ముందుగా బంతిని చూడండి. ఎటు బయలుదేరింది? తర్వాత ఎటు వంగింది? ఈ రెండూ గమనిస్తే తప్పు సగం దొరికినట్టే. (కింది దిక్కులు కుడిచేతి వాటం వారికి. ఎడమచేతి వారు తిరగేసుకోవాలి.)

● క్లబ్, బంతి తాకి ఉండేది సెకనులో దాదాపు 2,000వ వంతు. ఒక్క రెప్పపాటులో అలాంటి తాకిళ్లు 200 పడతాయి. ఆ క్షణంలో మణికట్టు తిప్పి సరిదిద్దడం ఎవరి తరమూ కాదు. దిద్దుబాటంతా అంతకుముందే, పట్టులోనూ నిలబడే తీరులోనూ జరగాలి.

● బంతి మొదట ఎటు బయలుదేరుతుందన్నది ప్రధానంగా క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) చేతిలో ఉంది. క్లబ్ ఊగిన దారినే బంతి బయలుదేరుతుందని ఏళ్ల తరబడి నేర్పారు. రాడార్ కొలతలు వచ్చాక ఆ పాఠం మారింది. ఒక్క డిగ్రీ పక్కగా బయలుదేరిన బంతి, వంపు లేకపోయినా, 200 గజాల దూరానికి మూడున్నర గజాలు తప్పిపోతుంది.

● వంపు పుట్టేది ఫేస్‌కూ, ఊగిన దారికీ ఉన్న తేడాలోంచి. దారికంటే ఫేస్ కుడికి తెరుచుకుంటే బంతి కుడికి వంగుతుంది. కొంచెమైతే ఫేడ్, మితిమీరితే స్లైస్. ఫేస్ ఎడమకు మూసుకుంటే డ్రా, ముదిరితే హుక్.

● స్లైస్‌కు భయపడి ఎడమకు గురిపెట్టారా? క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. తేడా పెరిగి, వంపు ఇంకా ముదురుతుంది. దానికన్నా రెండు చేతుల్నీ పట్టు మీద కాస్త కుడికి తిప్పి చూడండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఏర్పడే ‘వి’ కుడి భుజం వైపు చూడాలి. అప్పుడు ఫేస్ సులువుగా మూసుకుంటుంది.

● అమెరికన్ దిగ్గజం బెన్ హోగన్‌ను తొలి రోజుల్లో వేధించింది హుక్. ఆయన పట్టును పైన చెప్పినదానికి విరుద్ధంగా మార్చి, నమ్మకమైన ఫేడ్ సాధించాడు. 1948 నుంచి 1953 వరకు యూఎస్ ఓపెన్ నాలుగుసార్లు గెలిచాడు.

● గాలిలోకి లేచిన బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది. పక్కకు వంగేది ఆ భ్రమణ అక్షం ఒరిగినప్పుడే, గద్ద ఒక రెక్క వాల్చి మలుపు తిరిగినట్టు. వెనక్కి తిరగడమే బంతిని గాలిలో నిలుపుతుందని ఎడిన్‌బరో ఆచార్యుడు పి.జి. టెయిట్ 1890లలోనే వివరించాడు. 1971లో వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద బంతి కొట్టాడు. అక్కడ గాలే లేదు కాబట్టి స్లైస్ అన్న మాటే లేదు!

● డ్రైవర్ ఫేస్ చదునుగా ఉండదు, కాస్త ఉబ్బి ఉంటుంది. బంతి ఫేస్ కొసకు తగిలితే డ్రా వైపు, మడమకు (కర్ర వైపు అంచుకు) తగిలితే ఫేడ్ వైపు తిరుగుతుంది. కాబట్టి స్వింగ్‌ను తప్పుపట్టేముందు ఫేస్ మీద చిటికెడు పౌడర్ అద్ది కొట్టండి. తగిలిన చోటు మచ్చ చూపిస్తుంది.

● వంపు కావాలని తెచ్చుకుంటే అదే ఆయుధం. 2012 మాస్టర్స్ ప్లేఆఫ్‌లో చెట్ల మధ్య చిక్కుకున్న ఎడమచేతి ఆటగాడు బుబ్బా వాట్సన్, బంతిని సుమారు 40 గజాలు వంచి గ్రీన్ మీదికి చేర్చాడు. టైటిల్ గెలిచాడు.

ఈసారి సాధనకు వెళ్లినప్పుడు పది బంతులు కొట్టి, ప్రతిదానికీ రెండే మాటలు రాసుకోండి: బయలుదేరింది ఎటు, వంగింది ఎటు. పదింటిలో ఏడెనిమిది ఒకే మాట చెబితే, దిద్దుకోవలసింది అదొక్కటే. మిగతా స్వింగ్ జోలికి పోకండి.