మోటారు కాలుటకు తీగయు కారణమే
గోరంట్ల ప్రాంతమున బోరు మోటారు కాలినచో రైతులు మోటారునే నిందింతురు. మేమును మొదట అట్లే పొరబడితిమి. 2004 నుండి సేద్యపు కరెంటు ఉచితమైనను, మోటారు చుట్టించు ఖర్చు రైతుదే. ఈలోపల వేరుసెనగ యెండును.

ఒక ఫేజు మోటారు నడుచునపుడు స్తంభపు ఫ్యూజు పెట్టెలో 230 వోల్టులు, బోరు వద్ద స్టార్టరులో 200, తీగలో 10 ఆంపియర్లు ఉన్నవనుకొందము. తరిగిన 30ని 10చే భాగింపగా 3 ఓములు. అది పోవు తీగ, వచ్చు తీగల నిరోధము. గుణింపగా 300 వాట్లు. ఇంత శక్తి నీరు తోడక తీగను కాచుచున్నది. వోల్టులు తగ్గిన మోటారు ఆంపియర్లను అధికముగా లాగి మాడును.

4 చదరపు మిల్లీమీటర్ల తీగకు మారుగా అదే లోహముతో 10 చదరపు మిల్లీమీటర్లది వేసిన నిరోధము 1.2 ఓములగును, 12 వోల్టులే తరుగును. ఈ భాగహారము తీగకే గాని మోటారునకు చెల్లదు.

కొలతలను కరెంటు పనివానిచే, మోటారు నడుచుచుండగనే తీయింపుడు. ఆగియున్నపుడు రెండు చోట్లను 230యే కనబడును.