ముందు చిరునామా, ఆ తర్వాతే చదువు

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఎంఎస్ సీటు వచ్చిందనగానే మన ఇళ్లలో మొదలయ్యే దిగుళ్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. పిల్లవాడు చలికి తట్టుకుంటాడా, భాష రాకుండా ఎలా నెగ్గుకొస్తాడు, తిండి మాటేమిటి? సూట్‌కేసు కూడా ఆ భయాలను బట్టే నిండుతుంది: స్వెటర్లు, ఆవకాయ, చిన్న కుక్కర్. ఇవన్నీ అవసరమే. అయితే అక్కడి మొదటి వారాలు సాఫీగా సాగుతాయా, నరకమవుతాయా అన్నది తన పేరు మీద ఒక గది ఉందా లేదా అన్న దాని మీదే ఆధారపడుతుంది. బయలుదేరే ముందు అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెట్టే విషయం కూడా అదే.

గది అంటే తల దాచుకునే చోటు మాత్రమే అనుకుంటాం. జర్మనీలో అది చట్టపరమైన ఉనికికి మొదటి మెట్టు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా పౌర సేవల కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేసుకోవాలి. ‘ఆన్‌మెల్డుంగ్’ అనే ఈ పనికి ఇల్లు ఇచ్చినవారు సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. నమోదైతేనే పన్ను నంబరు ఇంటికి వస్తుంది, రెసిడెన్స్ పర్మిట్ పని కదులుతుంది. చాలా బ్యాంకులు కూడా ఖాతా తెరవడానికి ఆ నమోదు పత్రమే అడుగుతాయి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో కట్టిన డబ్బు సంగతీ అంతే. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అందులోంచి నెలకు 992 యూరోలు చేతికి రావాలంటే అక్కడ మామూలు బ్యాంకు ఖాతా ఉండాలి. అంటే సొంత డబ్బే గది దొరికేదాకా అందకుండా పోవచ్చు. ఇంకొక చిన్న సంగతి: పోస్టు పెట్టె మీద పేరు అతికించకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. బ్యాంకు కార్డూ, దాని పిన్నూ వేర్వేరు కవర్లలో పోస్టులోనే వచ్చే దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

మరి ఇంత కీలకమైన గది హైడెల్‌బర్గ్‌లో ఎందుకు సులువుగా దొరకదు? మనల్ని అక్కడికి లాగే అందమే అందుకు చాలావరకు కారణం. హైడెల్‌బర్గ్ పాత పట్టణం ఒకవైపు నెకర్ నది, మరోవైపు కోనిగ్‌స్టూల్ కొండ నడుమ సన్నని పట్టీలా సాగుతుంది. 1693లో ఫ్రెంచి సైన్యం దాన్ని తగలబెట్టింది. తర్వాత ఇళ్లు కొత్త శైలిలో లేచినా వీధులు మాత్రం మధ్యయుగపు గీతల మీదే ఉండిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా జర్మన్ నగరాలు నేలమట్టమైతే, ఇది దాదాపు చెక్కుచెదరలేదు. అందుకే ఆ ఎర్రని పైకప్పులు ఇవాళ్టికీ కనువిందు చేస్తున్నాయి. అందుకే అక్కడ అపార్టుమెంట్ల వరుసలు లేపడానికీ వీలులేదు. సుమారు 1,60,000 జనాభా ఉన్న ఊళ్లో ఒక్క హైడెల్‌బర్గ్ యూనివర్సిటీకే దాదాపు 30,000 మంది విద్యార్థులున్నారు. పాత గూడ్స్ యార్డు స్థలంలో బాన్‌స్టాట్ అనే కొత్త పేట కట్టారు, అమెరికా సైన్యం ఖాళీ చేసిన స్థలాల్లో ఇళ్లు వస్తున్నాయి. కొరత మాత్రం తీరలేదు. ఇది ఈనాటి సమస్య కూడా కాదు. 1386లో రూప్రెక్ట్ ప్రభువు ఈ యూనివర్సిటీని స్థాపించినప్పుడే, ఊరివాళ్లు విద్యార్థుల దగ్గర అడ్డగోలు అద్దె గుంజకుండా విశ్వవిద్యాలయం తరఫున ఒకరు, ఊరి తరఫున ఒకరు కలిసి న్యాయమైన అద్దె తేల్చాలని శాసనం చేశాడు. చదువుకు వసతే పునాది అని ఆరు శతాబ్దాల కిందటే గుర్తించిన ఊరది.

‘అక్కడ మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఎవరో ఒకరి గదిలో సర్దుకుంటాడు’ అంటారు చాలామంది. మనవాళ్లు ఉన్న మాట నిజమే. జర్మనీలో విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులదే మొదటి స్థానం. వారి ఆదరణ విలువైనది, కొత్తవారికి అదే కొండంత అండ. కానీ అతిథిగా నాలుగు రోజులు ఉండటం వేరు, ఆ చిరునామా మీద నమోదు కావడం వేరు. ఉండని ఇంటిని ఉన్నట్టు చూపించడానికి సాయపడితే 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. స్నేహం కొద్దీ సాయం చేయబోయిన సీనియర్‌ను మనం ఆ ప్రమాదంలోకి నెట్టకూడదు. భాషే అసలు అడ్డంకి అనేవారి వాదనలోనూ కొంత సత్యం ఉంది. అయితే ఇంగ్లీషులో సాగే కోర్సులో భాషాలోపం మొదట దెబ్బతీసేది తరగతిలో కాదు, అద్దె ప్రకటన చదివేటప్పుడు, ఇంటి యజమానికి ఉత్తరం రాసేటప్పుడు. ఆ పాటి జర్మన్ ఇక్కడే నేర్చుకుని వెళ్లొచ్చు.

డబ్బుంటే అన్నీ అవే కుదురుతాయన్నది మరో ధీమా. 2017 నుంచి హైడెల్‌బర్గ్ ఉన్న రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. తల్లిదండ్రులు ఆ లెక్క పక్కాగా వేస్తారు. ఆరు నెలల అద్దె సాధారణంగా అంతకు మించుతుందని మాత్రం తట్టదు. ఆత్రంలో గది చూడకుండానే డబ్బు పంపి మోసపోయేది కూడా ఇక్కడే. జర్మన్ చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అసలు అద్దెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టొచ్చు. తాళం చేతికి రాకముందే మొత్తం పంపమని ఒత్తిడి చేస్తే అనుమానించాల్సిందే. ప్రవేశ పత్రం వచ్చిన రోజే విద్యార్థి సంక్షేమ సంస్థ హాస్టళ్లకు దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే అక్కడి గదులు అడిగేవారి కంటే చాలా తక్కువ. హైడెల్‌బర్గ్ కోటకు ఎదురుగా కిటికీ ఉన్న గదే కావాలని పట్టుబట్టకుండా, రైల్లో ఇరవై నిమిషాలైనా పట్టని మన్‌హైమ్‌లోనూ వెతకాలి.