ఏడాదికే తిరిగి వచ్చిన టీచరమ్మ

"అయ్యగారూ, మధ్యలో వచ్చేస్తే సంఘములో ఏమనుకుంటారు?" 2023 ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి మా సహోదరి అమెరికా నుండి ఫోనులో అడిగిన మాట ఇది. అక్కడ అప్పుడు మధ్యాహ్న భోజన విరామమట.

ఆమె లెక్కల టీచరు. ఉపాధ్యాయుల మార్పిడి కార్యక్రమములో జె-1 వీసాపై వెళ్లి ఆరు నెలలైంది. ఆ వీసా మూడేళ్ల వరకు ఉంటుంది. అనుమతి దొరికితే మరి రెండేళ్లు. వెళ్లుటకు చేసిన అప్పు సగము కూడ తీరలేదు. ఇక్కడ ఆరవ తరగతి చదువుచున్న కూతురు తల్లి ఫోను చేస్తే తీయుటయే మానివేసింది.

"ఓర్చుకోమ్మా" అని అంతకుముందు రెండుసార్లు చెప్పి పంపిన వారము మేమే. అప్పు మాకు కనబడింది గాని బిడ్డ కనబడలేదు. ఆ రాత్రి మా దంపతులము ఏ సలహా ఇవ్వక, విని, ఆమెతో ప్రార్థించాము.

నిర్ణయము ఆమెదే. అక్కడి పిల్లలను నడుమ విడువక, స్పాన్సరు సంస్థకు ముందే తెలిపి, జూన్‌లో బడి మూసిన తరువాత వచ్చారు. మరల టీచరుగా అదే కార్యక్రమములో వెళ్లాలంటే రెండేళ్లు బయట ఉండవలెను. అది తెలిసే వచ్చారు.

విమానాశ్రయములో కూతురు తండ్రి వెనుక దాగింది. అప్పు ఇంకను ఉన్నది. సాయంత్రము ట్యూషన్లు చెప్పుచున్నారు. ఆ పిల్ల కూడ చాపమీద చివర కూర్చుంటున్నది.